శివారు కుళాయి

మా ఊరి పేరు రాయను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే పెద్ద రోడ్డు దిగి కొల్లేటి వైపు వస్తే తగిలే చిన్న పట్టణాల్లో అదొకటి. అక్కడి వాటర్ వర్క్స్‌లో నేను ఆపరేటర్ని. కాలువ నీళ్ళు చెరువులోకి పెట్టుకోవడం, చెరువులోంచి తోడి పటిక కలిపి తేర్చడం, ఇసుక ఫిల్టర్లలోంచి పంపి క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కించడం నా పని. చేరి పదిహేడేళ్ళయింది. మా వైపు ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడతాయి. అందుకని ఊరంతటికీ ఆ ట్యాంకే దిక్కు.

ఈ పని నాకు నేర్పినాయన అప్పటి మా వాల్వుల మనిషి. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదలాలో, ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాళ్ళు ముస్లింలు, మూడు తరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్నవాళ్ళు. మాది గణపవరం దగ్గర పల్లె. చేలన్నీ చేపల చెరువులైపోయాక, ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని ఈ ఊరొచ్చాను. మొదటి రోజు ఆయన్ని ‘ఏవండీ’ అని పిలిస్తే, “బాబాయ్ అనరా, నోరు అలవాటైపోద్ది” అన్నారు. ఆ రోజు నుంచి ఆయన నాకు బాబాయిగారు. ఆయన భార్య పిన్నిగారు.

నాకు పెళ్ళి కాకముందు రెండేళ్ళు పిన్నిగారి చేతి అన్నమే తిన్నాను. మధ్యాహ్నం రెండు క్యారేజీలు వచ్చేవి, ఒకటి ఆయనకి, ఒకటి నాకు. ఎప్పుడైనా కూర మిగిలిస్తే మర్నాడు కబురొచ్చేది, అబ్బాయికి వంకాయ పడదా అని. పడదని ఒకసారి చెప్పాను. ఆ తరవాత బాబాయిగారి క్యారేజీలో వంకాయ ఉన్న రోజున నా క్యారేజీలో దొండకాయో బెండకాయో ఉండేది. పరాయి ఇంటి కుర్రాడి కోసం ఆవిడ పొద్దున్నే రెండు కూరలు వండేవారు. ఆ సంగతి నాకు పెళ్ళయి, ఒక్క కూర వండటానికి ఎంత పని పడుతుందో చూశాక గాని తెలియలేదు.

వాళ్ళ ఇల్లు మురుగు డ్రెయిను దాటాక ఊరి ఆఖరి వీధిలో ఉండేది. మా పైపులైను కూడా అక్కడితో ఆఖరు. అలాంటి చోటుని మేం శివారు అంటాం. బాబాయిగారు రిటైరై ఆరేళ్ళు అయినా సాయంత్రం పూట సైకిలు మీద వచ్చి, చెరువు గట్టున కాసేపు కూర్చుని వెళ్ళేవారు.

ఈ ఏడెనిమిదేళ్ళలో ఊళ్ళో సగం మంది మంచినీళ్ళ టిన్నులు కొనుక్కోవడం మొదలుపెట్టారు. బాబాయిగారింట్లో మాత్రం కుళాయి నీళ్ళే తాగేవారు. ఒక రంజాన్ రోజున సేమ్యా పెట్టి, గ్లాసుతో నీళ్ళిస్తూ పిన్నిగారు అన్నారు, “టిన్నులవాడు వారానికోసారి వచ్చి అడుగుతాడు నాయనా. మా ఆయన ముప్పై ఏళ్ళు ఊరందరికీ పోసిన నీళ్ళు, ఇప్పుడు మేమే కొనుక్కుని తాగితే ఏం బాగుంటుంది?” నేను గ్లాసు ఖాళీ చేశాను. మా ఇంట్లో రెండేళ్ళుగా టిన్ను వేయించుకుంటున్నామని చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మేం రోజూ నీళ్ళు పరీక్ష చెయ్యాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి. ట్యాంకు దగ్గర ఒకసారి, ఊరి మధ్యలో ఒకసారి, శివారులో ఒకసారి చూసి రిజిస్టర్లో రాయాలి. శివారు నమూనా శివారుకి వెళ్ళి పట్టుకోవాలి. మేం వెళ్ళేవాళ్ళం కాదు. ఆఫీసు ఎదురుగా టీ కొట్టు పక్కన కుళాయి ఉంది. అందులో పట్టి, పసుపు రంగు చూసి, శివారు అని రాసేవాళ్ళం. ఆ అలవాటు నేను చేరకముందు నుంచీ ఉంది. పదిహేనేళ్ళు నేనూ అలాగే రాశాను. అప్పటికి అది నాకు అబద్ధంలా అనిపించలేదు.

రెండేళ్ళ కిందటి వేసవిలో కాలువలు కట్టేశాక మా చెరువు త్వరగా తగ్గిపోయింది. రోజు విడిచి రోజు నీళ్ళు వదలమని ఆర్డరొచ్చింది. నీళ్ళు లేని రోజున పైపులు ఖాళీగా ఉంటాయి. ఎక్కడైనా చిన్న బీట ఉంటే చుట్టూ ఉన్న మురుగుని లోపలికి పీల్చుకుంటాయి. ఇది నాకు తెలుసు. బాబాయిగారే చెప్పారు, నేను కొత్తగా చేరినప్పుడు.

ఒక రోజు పొద్దున్నే ఆయన గాజు సీసాతో నీళ్ళు పట్టుకొచ్చారు.

“అబ్బాయ్, ఇదోసారి వాసన చూడు. నమాజుకి ముందు మొహం కడుక్కుంటుంటే తేడా కొట్టింది.”

మూత తీసి చూశాను. నాకు పెద్దగా ఏమీ తెలియలేదు. గొట్టంలో పోసి మందు వేశాను. పసుపు రాలేదు.

“ఎప్పుడు పట్టారండి?”

“నిన్న పొద్దున్న. ఇవాళ మాకు నీళ్ళు లేవుగా.”

“అయితే క్లోరిన్ ఎగిరిపోయుంటుందండి. ఒక రోజు నిలవుంది కదా.”

“అంతే అంటావా?”

“అంతేనండి. మన దగ్గర బాగానే ఉంది.”

ఆయన కొంచెంసేపు సీసాని వెలుతురుకి పెట్టి చూసుకుని, మూత బిగించి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. డ్రెయిను దాటి ఆ వీధికి వెళ్ళడానికి బండి మీద పది నిమిషాలు పడుతుంది. నేను వెళ్ళలేదు. ఆ రోజు ఫిల్టర్ కడిగే పని ఉంది.

నాలుగు రోజుల తరవాత మళ్ళీ వచ్చారు. ఈసారి సీసా తేలేదు.

“మొదటి పది నిమిషాలు నీళ్ళు బాలేవురా. తరవాత సర్దుకుంటున్నాయి. డ్రెయిను కింద పాత సిమెంటు పైపుంది చూడు, దాని అతుకు ఎక్కడో విచ్చుంటది.”

“డ్రెయిను మీంచి ఇనప పైపు వేశారు కదండీ?”

“వేశారు. పాతదాన్ని కొయ్యలేదు. రెంటికీ లింకుంది. ఆ పని జరిగినప్పుడు నేనక్కడే ఉన్నాను.”

నేను ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన చిన్నవాడు, చెడ్డవాడు కాదు. డ్రాయింగు తీయించి బల్ల మీద పరిచి వెతికారు. అందులో పాత పైపు లేదు. “ఇప్పుడు లైను ఆపి తవ్వితే శివారు వాళ్ళకి ఆ వచ్చే నీళ్ళు కూడా ఉండవు. కాలువలు వదిలాక చూద్దాం” అన్నారు. తరవాత తలెత్తి, “శివారు రీడింగు ఎలా ఉంది?” అని అడిగారు.

నేను రిజిస్టరు తిప్పి చూసుకున్నాను. అన్ని రోజులూ నా చేతిరాతే.

“బాగానే ఉంది సార్” అన్నాను.

ఆ తరవాతి వారంలో ఒక పొద్దున్న శివారు వీధి నుంచి ఆరోగ్య కార్యకర్త ఫోను చేసింది. వీధిలో చాలామందికి వాంతులు, విరేచనాలు. నేను పరుగెత్తుకెళ్ళి ఆ లైను వాల్వు కట్టేశాను. చివరి చుట్టు తిప్పుతుండగా జేబులో ఫోను మోగింది. బాబాయిగారు.

“పిన్నికి బాలేదురా. ఏలూరు తీసుకెళ్తున్నాం” అని పెట్టేశారు.

ఆ వీధి స్కూల్లో మంచాలు వేసి సెలైన్లు పెట్టారు. పిల్లలు, పెద్దలు అందరూ రెండు మూడు రోజుల్లో కోలుకున్నారు. పిన్నిగారికి ముందునుంచీ షుగరుంది. కిడ్నీలు దెబ్బతిన్నాయని ఏలూరు ఆసుపత్రిలో చెప్పారు.

రెండో రోజు మధ్యాహ్నం వెళ్ళాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. నీళ్ళు తాగించకూడదన్నారట. బాబాయిగారు కింద కొట్లో కొన్న నీళ్ళ సీసాలో దూది ముంచి పెదాలు తడుపుతున్నారు. నా గొంతు విని ఆవిడ కళ్ళు తెరిచారు.

“డ్యూటీ మానేసి వచ్చావా?”

“లేదండి. అయ్యాక వచ్చాను.”

“మా వీధిలో వాళ్ళంతా ఎలా ఉన్నారు?”

“అందరూ బానే ఉన్నారండి. మీరు కూడా వచ్చేస్తారు.”

ఆవిడ తల ఊపారు. నేను మంచం ఇనప కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. బాబాయిగారు దూది ముంచడం, తడపడం, మళ్ళీ ముంచడం చూస్తూ నిలబడ్డాను. టీ కొట్టు కుళాయి సంగతి చెప్పకుండానే వచ్చేశాను.

మూడో రోజు పొద్దెక్కాక ఆవిడ చనిపోయారు.

మధ్యాహ్నానికల్లా ఇంటికి తీసుకొచ్చారు. తణుకు నుంచి వాళ్ళ అమ్మాయి, అల్లుడు వచ్చారు. నేను ప్లాంటులో ఉన్నాను, వెళ్ళే ధైర్యం లేక. బాబాయిగారే ఫోను చేశారు.

“అబ్బాయ్, మా లైను కట్టేశారుగా. మీ పిన్నికి స్నానం చేయించాలి. ఓ ట్యాంకరు పంపిస్తావా?”

“పంపిస్తానండి.”

“మంచినీళ్ళేగా?”

ఆ మాట ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. ఆ గొంతు నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. నిజంగానే అడిగారు. “మంచినీళ్ళేనండి” అన్నాను.

ట్యాంకరు లోపలికి నేనే దిగి కడిగాను. నింపాక కింది కుళాయి దగ్గర గొట్టంలో పట్టి మందు వేశాను. పసుపు వచ్చింది. నా కంటి మీద నాకు నమ్మకం పోయింది. డ్రైవరుకి చూపించి, “పసుపేనా?” అని అడిగాను. “పసుపేనండి, ఏం?” అన్నాడు. రెండోసారి పట్టి మళ్ళీ చూశాను.

ట్యాంకరు మీద కూర్చుని నేనే వెళ్ళాను. పక్కిళ్ళ ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. పైపు పట్టుకుని ఒక్కో బిందే నింపాను. వాళ్ళు లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. పెరట్లో గుడ్డలు అడ్డం కట్టారు. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది, నెమ్మదిగా, ఆగి ఆగి. కాసేపటికి ఒకావిడ బయటికి వచ్చి, “చాలండీ” అంది. నేను కుళాయి కట్టలేదు. నీళ్ళు నా కాళ్ళ మీద పడుతున్నాయి. ఆవిడే వంగి కట్టింది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక మోసుకెళ్ళారు. నేనూ కొంతదూరం భుజం ఇచ్చాను. గోరీల దొడ్డిలో అందరితోపాటు మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. బాబాయిగారు నా వైపు చూశారు.

అప్పటికి రెండు రోజులుగా మా వాళ్ళు డ్రెయిను గట్టున తవ్వుతూనే ఉన్నారు. రెండు చోట్ల మనిషి లోతు తవ్వినా పాత పైపు దొరకలేదు. మర్నాడు పొద్దున్నే బాబాయిగారు నడిచి వచ్చారు. నెత్తి మీద టోపీ ఉంది, గడ్డం మాసి ఉంది. గట్టు మీద కూర్చుని చూస్తారేమో అనుకున్నాను. ఆయన కల్వర్టు దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఒక చోట చెప్పు కాలితో గీత గీశారు.

“ఇక్కడ తవ్వండి.”

గంటన్నరలో పైపు బయటపడింది. అతుకు దగ్గర వేలు పట్టేంత బీట. లోపల నల్లటి బురద. ఇంజనీరుగారు చాలాసేపు గోతిలోకి చూసి, “క్షమించండి బాబాయిగారూ” అన్నారు. ఆయన అలా పిలవడం అదే మొదటిసారి.

“మీరేం చేస్తారండి. ఇది వేసినప్పటికి మీరు స్కూలుకి వెళ్తుండుంటారు” అన్నారు బాబాయిగారు.

ఆయన మట్టికుప్ప మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. పనివాళ్ళు పైపు కొయ్యడానికి మిషను పెట్టారు. ఆ చప్పుడులో చెప్పడం తేలికనిపించింది.

“బాబాయిగారండీ, శివారు నమూనా నేను...”

ఆయన చెయ్యెత్తి ఆపారు. “టీ కొట్టు దగ్గరేగా పట్టేది?”

“అవునండి.”

“నీకు చూపించింది నేనేగా. నువ్వు చేరిన రోజున సీసా పట్టుకుని బయల్దేరితే, అంత దూరం ఎందుకెళ్తావ్, ఇక్కడ పట్టెయ్ అన్నాను. నాకు గుర్తుంది.”

నాకూ గుర్తుంది. ఇన్ని రోజులూ ఆ సంగతి నేను నాలో నేను కూడా పలకలేదు.

“నన్ను తిట్టండి బాబాయిగారూ.”

“నిన్ను తిడితే నాకే తగుల్తది” అన్నారు. కొంచెం ఆగి, “ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా అనుకోవాల్సింది, ఆ చివర ఉంది నా ఇల్లేనని” అన్నారు. తరవాత మోకాళ్ళ మధ్యకి తల వంచుకున్నారు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. వీపు మీద చెయ్యి వెయ్యాలని ఉండి కూడా వెయ్యలేకపోయాను.

నాకు మెమో ఇచ్చారు. జవాబులో ఉన్నది ఉన్నట్టు రాశాను, నమూనా శివారులో పట్టలేదని, టీ కొట్టు దగ్గర పట్టానని. ఎవరు నేర్పారో రాయలేదు. ఇంజనీరుగారు చదివి, “ఇలా రాస్తే మీకే ఇబ్బంది. ఇంకోలా రాసుకోండి, కాగితం తిరిగిస్తాను” అన్నారు. వద్దన్నాను. మూడు నెలలు పనిలోంచి తప్పించారు. వానాకాలం కొత్తనీళ్ళు వచ్చి ఫిల్టర్లు బురద పట్టేస్తుంటే, చూసుకునే మనిషి లేక మళ్ళీ పిలిచారు.

ఇప్పుడు రోజూ బండి మీద ఆ వీధికి వెళ్తాను. బాబాయిగారిల్లు తాళం వేసి ఉంటుంది. ఆయన తణుకులో అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయారు. ఎదురింటి కుళాయిలో నీళ్ళు పడతాను. ఆ ఇంటావిడ పిల్లాడు కూడా అప్పుడు స్కూల్లో సెలైను మీద పడుకున్నవాడే. ఒక రోజు ఆవిడ వాకిలి ఊడుస్తూ, “ఇప్పుడు రోజూ వస్తున్నారు. అప్పుడు రాలేదేంటండీ?” అంది. కోపంగా కాదు, ఊరికే అడిగినట్టు అంది. “రావాల్సిందండి” అన్నాను. ఆవిడ చీపురు గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో టిన్ను మాన్పించానని రాయగలిగితే బాగుండేది. మాన్పించలేదు. మా ఆవిడతో ఒకసారి అన్నాను. “పిల్లలున్నారు కదండీ” అంది. అంతకంటే గట్టిగా చెప్పే మొహం నాకు లేదు.

మొన్న చలికాలంలో తణుకు వెళ్ళాను. వాళ్ళది మూడో అంతస్తు. బాబాయిగారు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. చెరువు నిండిందా, కొత్తగా వచ్చిన వాల్వుల అతను ఎలా ఉన్నాడు అని అడిగారు. చెప్పాను. అమ్మాయి టీ ఇచ్చి లోపలికి వెళ్ళాక, కిందికి రోడ్డు మీదికి చూస్తూ అన్నారు.

“మీ పిన్నికి నాకంటే ముందే తెలిసిందంటరా. అమ్మాయికి ఫోన్లో చెప్పిందంట, నీళ్ళు వాసనొస్తున్నాయి, నాన్నకి చెప్పకు, బాధపడతాడు అని.”

నేను కప్పు కింద పెట్టాను.

“రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు కదా, పారబొయ్యడానికి మనసొప్పలేదు. మొదట పట్టిన బిందె తను వాడుకుని, ఆఖర్న పట్టింది నాకిచ్చేదంట. చీర ముక్క నాలుగు మడతలు పెట్టి వడగట్టుకునేది. నేను సీసా పట్టుకుని నీ దగ్గరికి వచ్చానే, ఆ రోజు ఇంటికెళ్ళి చెప్పాను, అబ్బాయి చూశాడు, భయం లేదన్నాడని. ఆ రోజు నుంచి వడగట్టడం కూడా మానేసిందంట.”

చీరముక్కతో వడగట్టినా ఆగే జబ్బు కాదది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అన్నాను, “వడగట్టినా ఆగేది కాదండి” అని. ఆయన విన్నట్టు లేదు.

నేను లేస్తుంటే ఆయనా లేచి చొక్కా వేసుకున్నారు. వద్దంటున్నా మెట్లు దిగి బస్టాండు దాకా వచ్చారు. దారిలో రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకున్నారు.

“డ్యూటీ ఎన్నింటికి?”

“రెండింటికండి.”

“అయితే ఈ గూడెం బస్సు ఎక్కెయ్. తరవాతది లేటు.”

ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఆయన కింద నిలబడి, ఏదో చెప్పబోయి ఆగిపోయారు. నేను తల బయటికి పెట్టి, “ఏంటండి?” అన్నాను. “ఏం లేదులే, వెళ్ళిరా” అన్నారు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే ఉన్నారు. తాడేపల్లిగూడెంలో బస్సు మారి ఊరు చేరేసరికి రెండుకి పది నిమిషాలుంది.